రిజిస్టర్‌లో లేని ఆదివారాలు

నేను ప్రభుత్వాసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరుగా రిటైరైన ఏడాదే నా స్నేహితురాలు పుత్తూరులో ఉచిత వైద్యశాల తెరిచింది. మెడికల్ కాలేజీ హాస్టల్లో ఐదేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం. "వారానికొక రోజు రావే, ఆడోళ్లను చూసేవాళ్లు ఈడ ఎవరూ లేరు" అని అడిగింది. మరుసటి ఆదివారమే తిరుపతిలో బస్సెక్కాను. ఆ తర్వాత నాలుగేళ్లలో, కంటి ఆపరేషన్ చేయించుకున్న రెండు వారాలు తప్ప మానలేదు.

విరిగిన ఎముకలకు కట్టు కోసం ఎక్కడెక్కడి వాళ్లో పుత్తూరు వస్తారు. మగవాళ్లను ఆ కట్టు కట్టే చోట కూర్చోబెట్టి, వెంట వచ్చిన ఆడవాళ్లు మా దగ్గరికొచ్చేవాళ్లు. నగరి వైపు నుంచి వచ్చిన నేత నేసే ఒకామె, గర్భసంచి జారి పదకొండేళ్లుగా బాధపడుతోంది. "మొగ డాక్టరైతే చెప్పుకునేదాన్ని కాదమ్మా" అంది. నేనే వెంట ఉండి తిరుపతిలో ఆపరేషన్ చేయించాను.

డాక్టర్లు కొన్నేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. నా గడువు దగ్గర పడుతుండగా, ఉచితంగా సేవ చేసేవాళ్లకు ఆ ఫీజు మాఫీ అని తెలిసింది. ఎవరెవరు చేస్తున్నారో వైద్యశాల మెడికల్ కౌన్సిల్‌కు రాసి పంపాలి. ఫీజు కట్టలేక కాదు, చేసిన పని ఒక కాగితం మీద ఉంటుందని ఆశపడ్డాను. ఫోన్ చేస్తే, "నీ పేరే ముందు రాసినాను లేవే. నువ్వు కాక ఇంకెవరుండారు?" అంది నా స్నేహితురాలు.

మాఫీకి దరఖాస్తు పెట్టాను. రెండు నెలలకు కౌన్సిల్ నుంచి జవాబొచ్చింది. ఆ వైద్యశాల పంపిన జాబితాలో నా పేరు లేదట.

పొరపాటేమో అనుకుని ఆదివారం వెళ్లగానే నర్సును రోగుల రిజిస్టర్ అడిగాను. ఆ అమ్మాయి తలెత్తకుండా తెచ్చిచ్చింది. ఆదివారాల పేజీల్లో డాక్టరు పేరు రాసే చోటల్లా నా పేరు మీద తెల్లరంగు పూసి, దాని మీద నా స్నేహితురాలి కోడలి పేరు రాసి ఉంది. ఆ కోడలు చిత్తూరులో ప్రైవేటు ఆసుపత్రి డాక్టరు. వైద్యశాల తెరిచిన రోజు తప్ప ఈ గడప తొక్కింది లేదు. నేను ఆపరేషన్ చేయించిన మనిషి పేరు పక్కన కూడా ఆ కోడలి పేరే.

"పెద్దమేడమ్ చెప్తే నేనే దిద్దినాను మేడమ్" అంది నర్సు.

లోపలి గదిలోకి వెళ్లి స్నేహితురాలిని అడిగాను. ఆమె తడబడలేదు. "నేనే మార్పించినాను. నువ్వు రిటైరైనదానివి, నీకేం పని ఆ కాగితంతో? సేవ చేసినట్టు ఉంటే మా కోడలికి పెద్దాసుపత్రిలో పోస్టు వస్తాది. నీ ఫీజు నేను కడతాను పో."

"ఫీజు ఎవరడిగినారు? రాసినానని నాకెందుకు చెప్పినావు?"

"చెప్పకుంటే నువ్వు రావు కదే" అంది, అది నాకు అర్థమయ్యే సంగతే అన్నట్టు.

గదిలోంచి వచ్చేశాను. బయట బెంచీల మీద ఆడవాళ్లు కూర్చునున్నారు. అందరినీ చూశాను. ప్రతి మందుల చీటీ మీదా నా పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాశాను. మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

ఫీజు కట్టేశాను. జరిగిందంతా ఫిర్యాదుగా రాసి, కవరు కూడా అంటించాను. ముందు పోయేది దిద్దిన నర్సు ఉద్యోగమే అనిపించి పంపలేదు. కోడలికి ఆ పోస్టు వచ్చిందని విన్నాను.

మొన్న చిత్తూరులో ఒక పెళ్లిలో నా స్నేహితురాలు వచ్చి నా పక్కనే కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లతో, "నా ప్రాణ స్నేహితురాలు. ఎంత పిలిచినా పుత్తూరుకు రాకుండా పోయింది" అంది. అందరూ నా వైపు చూశారు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. ఆమె నా చేతి మీద చెయ్యేసి, జాగ్రత్తగా ఉండమని చెప్పింది.