మునిరత్నం చేలో ఇల్లు

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆదినారాయణ ఇల్లెక్కడ అని అడిగితే తెల్లమొహం వేస్తారు. పాయింటు ఆదెప్ప అనండి, పసిపిల్లలు కూడా వేలు పట్టుకుని తీసుకుపోతారు. ఒకప్పుడు బోరు వేయాలంటే ముందు ఆయన రావాలి. చెప్పులు విడిచి, అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని, చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచేవాడు. కాయ లేచి నిటారుగా నిలబడిన చోటే పాయింటు; అక్కడ సున్నం వేసేవాళ్ళు, బోరు బండి అక్కడ దిగేది. చదువుకున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీండి! అట్లా నవ్వినవాళ్ళే తమ తోటలో బోరు వేసేటప్పుడు కారు పంపి మరీ పిలిపించుకున్నారు.

ఆయన కాయ పట్టడం మానేసి పదకొండేళ్ళయింది. ఎవరడిగినా మోకాళ్ళ నొప్పులంటాడు. ఏం నొప్పులూ లేవు. ఇప్పటికీ కొండెక్కి మేకలకు ఆకు కోసుకొస్తాడు.

రెండేళ్ళ కిందట ఆయన భార్య గంగులమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మదనపల్లెలో డయాలసిస్. కోడి కూయకముందే లేచి ఊళ్ళో ఆటో, పుంగనూరులో బస్సు, అక్కడ నాలుగు గంటలు మిషను పక్కన, మళ్ళీ అదే దారి. తిరుగు బస్సులో సీటు దొరక్కపోతే ఆమె డ్రైవరు వెనక కిందనే కూలబడిపోతుంది. ఆమెకు తాగే నీళ్ళు కూడా రోజుకు ఇన్నని లెక్క. దాహమేస్తే తడిగుడ్డ పెదాలకు అద్దుకుంటుంది. "ఊరు మారిపోండమ్మా, ఈ తిరుగుడుకే సగం మనిషైపోతున్నారు" అన్నాడు డాక్టరు. రోడ్డు వెడల్పులో పోయిన భూమి డబ్బు బ్యాంకులో ఉంది. పిల్లాజెల్లా లేరు. ఇంకేం అడ్డం?

ఆస్పత్రి గేటు దగ్గర ఎవరో పంచిన రంగుల కాగితం పట్టుకుని ఒకనాడు గంగులమ్మ పొంగిపోతూ వచ్చింది.

"ఇది సూడప్పా. రో హౌసులంట. గోడకు గోడ అంటించి కట్టినారంట. ఆస్పత్రికి ఆటోలో పది నిమిషాలే. నాకేమన్నా అయితే గోడ మీద కొడితే సాలు, పక్కింటోళ్ళు పలుకుతారు."

ఆదెప్ప ఆ కాగితంలో దారి గీసిన బొమ్మ చూశాడు. మదనపల్లె దాటకముందే ఎడమకు మలుపు, బోడిగుండు అనే నున్నటి రాతిగుట్ట, దాని వెనక నాలుగెకరాలు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అది మునిరత్నం చేను.

"యాల అట్ల అయిపోతివి?" అంది గంగులమ్మ.

"ఏం లేదులే. ఎండ" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఆ పూట మబ్బు పట్టి ఉంది.

పదకొండేళ్ళ కిందట ఆ చేలో ఏం జరిగిందో గంగులమ్మకు తెలియదు. మునిరత్నం అప్పటికే వేరేవాళ్ళ మాట నమ్మి మూడు బోర్లు వేసి, మూడూ ఎండిపోయాక ఆదెప్ప కాళ్ళ మీద పడ్డాడు. కాయ లేచింది, మామూలుగా కాదు, చేతిలోంచి ఎగిరిపడేట్టు లేచింది. బండి దిగింది. ఆరు వందల అడుగులు, ఏడు వందలు, దుమ్మే. ఏడు వందల ఎనభై దగ్గర ఆదెప్ప ఆ రాతిపొడి పిడికిట్లోకి తీసుకుని నొక్కాడు. పొడి ముద్ద కట్టింది. అడుగున తేమ ఉంది.

అదే సమయానికి మునిరత్నం భార్య బయ్యమ్మ ఆదెప్పను బండి చాటుకు పిలిచింది. ఆమె మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు.

"నీళ్ళు లేవని చెప్పన్నా. నీ మాటయితే ఇంటాడు. ఇంగ ఆపకుంటే పిల్ల నోటికాడ కూడు కూడా ఆ గుంతలో పోస్తాడు."

ఆదెప్పకు ఆమె మీద జాలి కలిగింది, అది నిజం. దాని పక్కనే ఇంకో నిజం కూడా ఉంది. ఇంకా లోతుకు దించాక కూడా దుమ్మే వస్తే తన పేరు పోతుందని ఆయన భయపడ్డాడు; ముందే తానే లేవంటే ఆ మాటైనా నిలుస్తుంది. ఆ ముద్దను వేళ్ళతో చిదిపి, చేయి పంచెకు తుడుచుకుని, "ఆపేయండప్పా, ఈడ నీళ్ళు లేవు" అన్నాడు. మునిరత్నం రెండు చేతులూ జోడించాడు. "ఇంకొక్క నూరడుగులు అన్నా, నూరే నూరు" అన్నాడు. బండి వెళ్ళిపోయింది. పన్నెండో రోజున మునిరత్నం పురుగుల మందు తాగాడు.

అప్పటినుంచీ ఎక్కడ బోరు బండి మోగినా, పిండి మిల్లు తిరిగినా, ఆఖరికి గంగులమ్మ పక్కన ఆ మిషను గుర్రుమన్నా, దాని లోపలినుంచి ఆదెప్పకు ఆ గొంతే వినిపిస్తుంది. ఇంకొక్క నూరడుగులు అన్నా. తేమ ఉన్నంత మాత్రాన నీళ్ళుంటాయా ఏమిటి అని పదకొండేళ్ళు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. దాన్ని పట్టుకునే బతికాడు.

గంగులమ్మ మిషను మీద ఉన్న ఒక మధ్యాహ్నం, ఆమె పోరు పడలేక ఆ ఇళ్ళు చూడ్డానికి ఒక్కడే వెళ్ళాడు. ప్రతాప్ అనే కుర్రాడు చెమటలు కక్కుతూ వచ్చి చూపించాడు. బోడిగుండు అట్లాగే ఉంది. చేను లేదు. రెండు వరసల్లో ఇరవై ఇళ్ళు, పచ్చరంగు గేట్లు. ఆదెప్ప వంటింట్లో నిలబడ్డాడు. వెనక గోడ అవతల ఏదో సన్నగా గుర్రుమంటోంది.

"ఏం నాయనా ఆ సప్పుడు?"

"బోరు మోటరు పెద్దాయనా. నీళ్ళ గురించి మీకు దిగులే వద్దు." ప్రతాప్ కొళాయి తిప్పాడు. నీళ్ళు సింకులో దబదబా పడ్డాయి. "తమాషా ఇనండి. ఇది కొత్త బోరు కాదు. ఎవురో రైతు ఏడు వందల ఎనభై అడుగుల కాడ వదిలేసిన ఎండు బోరు. దాన్నే కడిగించి ఇంకో అరవై అడుగులు దించితే, సామీ, నాలుగంగుళాల నీళ్ళు! పాపం ఆ రైతుకు ఎవురు ఆపమని సెప్పినారో గాని..."

ఆదెప్ప గోడ పట్టుకున్నాడు. గోడ లోపలినుంచి మోటరు అదురు అరచేతికి తగులుతోంది. ప్రతాప్ కొళాయి కట్టేశాడు, అయినా ఆయన చెవుల్లో ఆ నీళ్ళ చప్పుడు ఆగలేదు.

మరుసటి రోజు ఆయన పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాడు. బయ్యమ్మ భూమి అమ్ముకున్నాక అక్కడే ఒక హాస్టల్లో వంట చేస్తోంది. కూతురు రేఖ బియస్సీ చదువుతోంది. ఆమె కాళ్ళు పట్టుకుని నిజం చెప్పేద్దామని, ఆమె ఏమంటే అది పడదామని బయలుదేరాడు. చెప్పేస్తే గాని ఆ ఇంట్లో కాలు పెట్టలేడు.

బయ్యమ్మ ఆయన్ను చూసి ఎదురొచ్చింది. సంగటి పెట్టి, పక్కనే కూర్చుని మాటలు మొదలుపెట్టింది. ఆయన నోరు తెరిచేలోగా ఆమే ఆ మాట ఎత్తింది.

"ఆ పొద్దు నువ్వు ఆ మాట సెప్పబట్టే గదన్నా, పిల్లకు సదువన్నా మిగిలింది. ఆయప్ప పోయినాక నాకు నిద్ర పట్టేది కాదు. నేను సెప్పించబట్టే పాయెనా అని. అప్పుడు నాకు నేనే సెప్పుకుంటి. నీళ్ళు ఉంటే గదా నా తప్పు. ఆ భూమిలో నీళ్ళే లేవు, ఎంత లోతుకు పోయినా లేవు. దినామూ ఆ మాట అనుకునే పండుకుంటా."

ఆదెప్ప చేతిలోని సంగటి ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"ఆడ ఇండ్లు కట్టినారంట గదన్నా? పాపం, నీళ్ళకేం సేస్తాండారో?"

ఆమె ఆయన ముఖంలోకే చూస్తోంది. చెప్పాల్సిన సమయం అదే. అంత దూరం వచ్చింది అందుకే. ఆదెప్ప నీళ్ళచెంబు ఎత్తి, దించి, "ట్యాంకర్లు తోల్తాండారమ్మా" అన్నాడు.

ఆమె హమ్మయ్య అన్నట్టు తల ఊపింది. "నువ్వూ టౌన్లో ఇల్లు సూస్తాండావని ఎవురో అన్నారు. యాడ కొన్నా సరే, పాలు పొంగించే పొద్దుకు నాకు సెప్పన్నా. ముందర నిలబడనులే, మొగుడు పోయినదాన్ని. ఎనక వంటింట్లో వంటంతా నాదే."

వంటింట్లో! ఆదెప్పకు కళ్ళముందు ఆమె చేయి కొళాయి మీద పడినట్టే కనబడింది. ఆటో కోసం కూడా ఆగకుండా లేచి బస్టాండుకు నడక పట్టాడు.

ఇంట్లో గంగులమ్మ వాకిట్లోనే కూర్చుని ఎదురుచూస్తోంది. ఇల్లు ఎట్లా ఉందో మొగుడు ఇంకా చెప్పనేలేదు. మిషను సూదులు గుచ్చే ఆమె చేయి ఉబ్బి ఉంది.

"ఏమప్పా, సూసినావు గదా? ఎట్లుండాది?"

నిజం చెబితే ఆమె వద్దనదు, కొనమనే అంటుంది, ఆమె ప్రాణం అది. అప్పుడు బయ్యమ్మను పిలవకుండా ఉండటం ఎట్లా? పిలవకపోతే ఎందుకు పిలవలేదంటే ఏం చెప్పాలి? అయినా ఇవన్నీ సాకులే. ఆ గోడ అవతల ఆ గుర్రు వింటూ ఒక్క రాత్రి కూడా తాను పడుకోలేడు. అసలు సంగతి అది.

"ఇల్లు బాగుండాది" అన్నాడు. "నీళ్ళు లేవు."

గంగులమ్మ చేతిలో ఇంకా ఆ రంగుల కాగితం ఉంది. దాన్ని మడిచి చీర కొంగున ముడేసుకుంది. "నీళ్ళ సంగతి నీకు తెలీకుంటే ఇంగెవురికి తెలుస్తాది. వద్దులే అయితే" అంది. ఇంకో ఇల్లు చూద్దామన్నాడు. చూశారు కూడా. ఒకటి మూడో అంతస్తు, ఆమె ఎక్కలేకపోయింది. ఒకటి ఊరికి ఆ చివర. చూస్తూ చూస్తూనే ఎండాకాలం వచ్చేసింది.

ఒక మంగళవారం ఆస్పత్రిలో ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల పక్క మంచం మనిషి, రామసముద్రం నుంచి వచ్చే ఆవిడ, ఆ రో హౌసుకే అడ్వాన్సు కడుతున్నామని చెబుతోంది.

"అయ్యో, కట్టొద్దమ్మా!" గంగులమ్మ గొంతు గర్వంగా వినిపించింది. "మా ఆయప్ప పోయి సూసినాడు. ఆడ నీళ్ళు లేవు. ఆయప్ప మాట పుంగనూరు సుట్టూ యాడన్నా అడుగు. ఒక్కసారి కూడా తప్పలేదు."

"సల్లగుండు తల్లీ. దేవత మాదిరి సెప్తివి. మేమూ ఈ బస్సుల్లోనే పడతాంలే ఇంగ" అంది ఆవిడ.

ఆదెప్ప లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. గంగులమ్మ ఆయన్ను చూసి మంచం మీదనుంచే నవ్వింది, ఈయనే అని ఆవిడకు వేలెత్తి చూపించింది. ఆవిడ పడుకునే, మిషనుకు కట్టేసిన చేయి కదలకుండా, రెండో చేయి నుదుటికి ఆనించి ఆయనకు దండం పెట్టింది.