తలాపు చెక్కతో గోదావరిఖనికి

నా భార్య సుశీల కిందటేడు వానాకాలంలో చనిపోయింది. ఆమె పడుకున్న టేకు మంచం ఇంట్లో ఉండకూడదని మా బావమరిది చెప్పాడు. సంవత్సరీకానికి వచ్చినప్పుడు తనే బండి మాట్లాడి పంపించేస్తానన్నాడు. ఎవరికైనా ఇవ్వడమో, కాల్చడమో. కోపంతో అన్న మాట కాదు, వాళ్ల ఇంటి ఆనవాయితీ. మంచంగా ఉండకూడదంటే మరొక వస్తువుగా ఉండవచ్చు కదా అని నాకు తోచింది. హనుమకొండలో ఇద్దరు వడ్రంగులను అడిగాను. ఒకాయన ముట్టుకోనన్నాడు. రెండో ఆయన ముట్టుకుంటాను గానీ కోసి పశువుల కొట్టం తలుపుకు వాడుకుంటానన్నాడు. సంవత్సరీకం రెండు నెలల్లో ఉంది.

నేను పాఠాలు చెప్పే కాలేజీకి దగ్గర్లో ఉండే ఒక రైల్వే గార్డు అప్పుడు ఏలియా పేరు చెప్పాడు. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. డ్యూటీ దిగాక గిటార్లు చేస్తాడు. గిటారుకు పనికిరాని కట్టెతో కుర్చీలు, పెట్టెలు, ఊయలలు చేస్తాడు. ఆ కాలనీలో అలాంటి సరదా ఉన్నవాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉన్నారట. ఎవరికీ అది వృత్తి కాదు. ఒక ఆదివారం గార్డు వెళ్లి ఏలియాతో మాట్లాడి వచ్చాడు. కట్టె చూడందే ఏమీ చెప్పనన్నాడని కబురు తెచ్చాడు.

మంచం విప్పితే నాలుగు కోళ్లు, రెండు పొడుగు పట్టెలు, రెండు పొట్టి పట్టెలు, తలవైపు నిలబెట్టే తలాపు చెక్క వచ్చాయి. అన్నిటినీ పాత నవారుతోనే కట్టాను. కాజీపేటలో తెల్లవారుజామున బయలుదేరే ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి టికెట్టు రెండున్నర రూపాయలు. కట్టెను గార్డు పెట్టెలో బుక్ చేస్తే మరో రూపాయిన్నర అయింది. జమ్మికుంట దాటాక కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. పెద్దపల్లిలో టీ బాగుంటుంది. పది దాటాక రామగుండంలో దిగాను.

స్టేషను బయటే గోదావరిఖని బస్సు ఆగి ఉంది. కండక్టరు నా మూటను చుట్టూ తిరిగి చూశాడు.

“ఇదేంది సారూ, తలుపా?”

“మంచం.”

“మనిషికి నలబై పైసలు. మంచానికి అర్ధరూపాయి.”

“మనిషి కంటే ఎక్కువా?”

“మనిషైతే కూసోని వస్తడు. మంచం పండుకోని వస్తది, జాగ ఎక్కువ గావాలె గద.”

వెనక ఎవరో నవ్వారు. మూటను పైకెక్కించారు. దారిలో పవర్‌హౌస్ పొగగొట్టం చాలాసేపు ఎడమవైపు కనిపిస్తూనే ఉంటుంది. ఎండాకాలం కాకపోయినా కిటికీ మూసుకోవడం మంచిది. లారీల వెనుక నల్లటి దుమ్ము లేస్తుంది. తెల్లబట్టలు వేసుకుని వెళ్లకండి.

ఏలియా మొదటి షిఫ్టులో ఉన్నాడు. మూడింటికి గానీ పైకి రాడు. మూటను అతని క్వార్టరు ముందు దించి, అతని భార్య మార్తమ్మకు చెప్పి, భోజనానికి మెయిన్‌రోడ్డు మీదికి వచ్చాను. లచ్చవ్వ అనే పెద్దావిడ మెస్సు నడుపుతోంది. అన్నం, పప్పు, ఎండుచేపల పులుసు, రూపాయి. రెండోసారి అన్నానికి డబ్బు తీసుకోదు.

“నౌకరి కోసం వచ్చినవా బిడ్డా?” అని అడిగింది.

“కాదమ్మా. పాత మంచాన్ని వేరే వస్తువుగా చేయిద్దామని.”

“మంచం కోసం గింత దూరమా? మా ఇంట్ల మంచానికి చల్లబడే టైము లేదు. ముగ్గురు కొడుకులు, మూడు షిఫ్టులు. ఒగడు లేస్తె ఒగడు పంటడు.”

పులుసు ఇంకొంచెం వేసింది.

మూడున్నరకు ఏలియా వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. స్నానం చేసినా కంటిరెప్పల అంచుల్లో బొగ్గు అలాగే ఉంది. బాయిలో అతనిది టింబర్‌మన్ ఉద్యోగం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టి, సందులో చీలలనే కట్టె ముక్కలు కొట్టి బిగించే పని. ఇంటి వెనుక రేకుల షెడ్డులో అయిదు గిటార్లు వేలాడుతున్నాయి. మొదటిది ఒక ఇంజను డ్రైవరు విరగ్గొట్టుకున్న గిటారు చూసి, కొలతలు తాడుతో తీసుకుని చేశాడట. దాని పొట్ట టీ పెట్టెల ప్లైవుడ్డు. మెడ మీది అడ్డగీతలు గొడుగు ఊచలు. కొత్తవి బాగా నేర్పుగా ఉన్నాయి. వాటి కింద ఒక ఊయల, రేడియో పెట్టె, క్యారమ్ బోర్డు, మూడు కాళ్ల పీటలు. క్యారమ్ బోర్డు, పీటలు అతని స్నేహితుడు కొమురయ్యవి. అతనూ అదే షిఫ్టు. ఇద్దరూ ఒకరినొకరు బావ అని పిలుచుకుంటారు.

కొమురయ్య నవారు విప్పి ఒక పట్టె ఎత్తి చూశాడు.

“ఎన్కటి టేకు. మంచిగున్నది. ఎవల మంచం సారూ?”

“మా ఆవిడది.”

“కొత్తది కొనిచ్చిండ్రా ఆమెకు?”

“చనిపోయింది.”

అతను పట్టెను మెల్లగా నేల మీద పెట్టాడు. వెళ్లి నల్లా కింద చేతులు కడుక్కున్నాడు. మార్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. హనుమకొండ వడ్రంగులు గుర్తొచ్చి, మూట మళ్లీ కట్టుకోవాలేమో అనుకున్నాను.

ఏలియా కొమురయ్యతో అన్నాడు. “ఏంది బావా, చేతులు కడుగుతున్నవు? చచ్చినోళ్లు ముట్టిన జాగల పనిజెయ్యం అంటె, బాయిల మనకు నిలబడేటానికి అడుగు జాగ ఉంటదా?”

“నేనేమన్న అన్ననా? చేతికి బొగ్గంటింది.”

“టేకు పట్టెకు బొగ్గెక్కడిది?”

కొమురయ్య తుండుతో చేతులు తుడుచుకుని వచ్చి దూరంగా పీట మీద కూర్చున్నాడు.

ఏలియా తలాపు చెక్కను నిలబెట్టి వేలి కణుపుతో కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ కొట్టాడు. బాయిలో పైకప్పును ఇలాగే కర్రతో కొట్టి చూస్తారట. గట్టిగా మోగితే పని సాగిస్తారు, డొల్లగా మోగితే వెనక్కి జరుగుతారు.

“పెండ్లిచూపులకు పోయి అత్తగారింటి దర్వాజ గూడ గిట్లనే కొట్టి చూసిండు ఈయన,” అన్నాడు కొమురయ్య.

“మోగింది గదా, ఇరవై ఏండ్లాయె,” అంది మార్తమ్మ లోపలి నుంచి.

నాకు రాతకు ఒక టేబుల్ కావాలని చెప్పాను. కోళ్లు కాళ్లవుతాయి, తలాపు చెక్క, పట్టెలు పక్కపక్కన జిగురుతో అతికితే పైపలక అవుతుందని ఏలియా లెక్క వేశాడు. చెక్క మీద చెయ్యి జరుపుతూ ఒకచోట ఆగాడు.

“ఇక్కడ నూనె తాగింది.”

అరచేతి కన్నా కాస్త పెద్ద మరక. సుశీల పడుకునే ముందు అక్కడ ఆనుకుని కూర్చుని చదువుకునేది. జడ ఆ చోటనే ఆనేది. పద్దెనిమిదేళ్లు. నా వైపు మరక లేదు. నేను అలా కూర్చున్నది తక్కువ.

“నూనె ఉన్నకాడ జిగురు పట్టది సారూ. రందా కొట్టాలె. గోరు మందం తీస్తె పోతది. కొట్టాల్నా?”

“కొట్టండి.”

చెక్క కదలకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఏలియా ఎవరినీ పిలవలేదు. కొమురయ్యే లేచి వచ్చి అవతలి కొన పట్టుకున్నాడు. చిత్రిక పట్టే రందా ఒకసారి నడిచింది. పొట్టు సన్నగా చుట్టుకుని కింద పడింది. రెండోసారి నడిచేసరికి వాసన వచ్చింది. కొబ్బరినూనె, మెంతులు, కచ్చూరాలు. సుశీల స్వయంగా కాచుకునే నూనె. చెక్క పైన ఏనాడూ ఆ వాసన తెలియలేదు, లోపల ఉంది.

మార్తమ్మ గుమ్మం దిగి వచ్చింది. “ఎవలో తలంటుకుంటున్నట్టున్నది,” అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏలియా మూడోసారి రందా ఎత్తాడు.

“చాలండీ,” అన్నాను.

“ఇంక రెండు పట్లు కొడితె సాఫ్ అయితది సారూ. ఇప్పుడు సగమే పోయింది.”

“చాలు.”

అతను నా మొహం చూడలేదు. రందా పక్కన పెట్టి, మరక మీది పొడి అరచేత్తో తుడిచాడు. సగం మరక అలాగే ఉంది. జిగురు పట్టదు కాబట్టి టేబుల్ కుదరదు. కొమురయ్య ఇంకా చెక్క పట్టుకునే ఉన్నాడు.

“జిగురు లేకుంటె ఏమాయె,” అన్నాడు చివరికి. “బాయిల మనం జిగురు పెడ్తున్నమా బావా? చీల కొడ్తలేమా?”

ఏలియా పట్టెలను నేల మీద పరిచి చూశాడు. పట్టెలు కూర్చునే పలక, కోళ్లు కాళ్లు, తలాపు చెక్క వెనుక ఆనుకునేందుకు. మేకు లేదు, జిగురు లేదు, అన్నీ చీలల మీద బిగింపు. బరువు పడేకొద్దీ బిగుస్తుందన్నాడు.

“టేబుల్ అయితె మీరొక్కలే కూసుంటరు. బెంచీ అయితె ఇంకొకలు గూడ కూసుంటరు. చెయ్యాల్నా?”

చెయ్యమన్నాను. కూలి ముప్పై రూపాయలు. సగం ముందే ఇచ్చాను. నేను వచ్చేసేటప్పుడు కొమురయ్య నేల మీది పొట్టు ఊడుస్తున్నాడు. మామూలుగా పొట్టు పొయ్యిలోకి పోతుందట. మరక మీద లేచిన ఆ రెండు చుట్టలను విడిగా తీసి ఒక కాగితంలో మడిచి నా చేతిలో పెట్టాడు. సాయంత్రం బస్సుకు రామగుండం వచ్చి, రాత్రి బండిలో ఇంటికి చేరాను.

బెంచీ అయిదు వారాల తర్వాత గార్డు పెట్టెలో వచ్చింది. వరండాలో వేశాను. సంవత్సరీకానికి వచ్చిన బావమరిది లోపలికి వెళ్లి మంచం లేదని చూసుకుని, తృప్తిగా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. వెనక్కి ఆనాడు. ఎక్కడ చేయించావని అడిగాడు. గోదావరిఖనిలో అన్నాను. చాలా గట్టిగా ఉందన్నాడు.

నేను చూసినంతలో ఆ కాలనీలో చేసే వస్తువులు అందానికి చేసినవి కావు. గిటారు కూడా అంతే. ఎనిమిది గంటలు దిమ్మెలు నిలబెట్టిన చేతులకు ఇంటి దగ్గర ఇంకో రకం కట్టె కావాలి, మీద పడుతుందన్న భయం లేని కట్టె. ఏలియా ఆ మాట అనలేదు, నేను అనుకుంటున్నాను. అతని గిటార్లు ఆదివారం చర్చిలో వినవచ్చు. నేను వినలేదు. నేను వెళ్లిన పని వేరు. ఇంటికి వచ్చాక కొన్నాళ్లు నేను బెంచీకి మరక లేని నా వైపు చివర కూర్చున్నాను. ఇప్పుడు మధ్యలో కూర్చుంటున్నాను.

మీరూ పాత కట్టె తీసుకుని వెళ్లదలిస్తే ఒక మాట. మొదటి షిఫ్టు ఉన్న వారంలో వెళ్లండి, మధ్యాహ్నం మనిషి దొరుకుతాడు. నూనె పట్టిన చెక్క అయితే రందా కొట్టించాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే నిర్ణయించుకుని బయలుదేరండి. అక్కడికి వెళ్లాక నిర్ణయించుకోవడం కష్టం.