రోడ్డు కింది గది

పటాన్‌చెరులో మా ఇల్లు హైవేను ఆనుకునే ఉండేది. రోడ్డు బాగుచేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర పరిచేవారు. రోడ్డు పెరిగేకొద్దీ మా ముందు గది దిగిపోయింది. నేను హైస్కూలుకు వచ్చేనాటికి అందులోకి మెట్లు దిగి వెళ్లాలి, కిటికీలోంచి చూస్తే లారీ టైర్లే కనిపించేవి.

ఆ ఏడు చర్చి క్వయర్‌లో నాకు వయొలిన్ అప్పజెప్పారు. క్రిస్మస్ పాటలో ఒక చరణం, అదీ పై స్థాయిలో, నేనొక్కదాన్నే వాయించాలి. మొదట్లో నా వయొలిన్ నూనె లేని గిరకలా అరిచేది. పక్కింటి అన్న మందుల కంపెనీలో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాడు. మా రెండిళ్లకూ గోడ ఒక్కటే. ఒకరోజు ఎర్రబడ్డ కళ్లతో వచ్చి గడపలో నిలబడ్డాడు.

"వదినా, డ్యూటీల కునుకువడితే నౌకరే కాదు, పానమే పోతది. జెర పాపకు చెప్పు" అన్నాడు.

అమ్మ వయొలిన్ తీసి బీరువా మీద పెట్టింది. నేను అన్నం మానేశాను.

మా నాయన ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ మీద పనిచేసేవాడు. ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు, అది ఆయన తీరనుకున్నాం. అమ్మ పిలిస్తే పలికేవాడు కాదు. "చెవిటోని ముంగట శంఖమూదినట్టే" అని ఆమె గిన్నెలతో చెప్పుకునేది. నేను అన్నం మానేసిన సంగతి మాత్రం ఆయనే ముందు గమనించాడు.

"ఇద్దరికీ ఖరాబు గాకుండ జేస్త" అని కింది గది మీద పడ్డాడు. మిల్లు నుంచి వడ్ల ఊక తెచ్చి, గోనెసంచుల్లో నింపి, గోడల పొడుగునా పేర్చాడు. కిరాణా కొట్లన్నీ తిరిగి గుడ్ల అట్టలు అడుక్కొచ్చి పైకప్పుకు అంటించాడు. తలుపుకు పాత బొంత, అంచులకు సైకిల్ ట్యూబు ముక్కలు. ఊక కోసం ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. "నీ కచేరీకి జనం తయార్" అన్నాడు. లోపల చలికాలంలోనూ చెమట కారేది. అయినా ఆ గదంటే నాకు రాజమహలే.

తలుపు మూసి నన్ను వాయించమని, తను రోడ్డు మీద నిలబడి విన్నాడు. సంబరంతో ఊగుతూ దిగొచ్చి, "సూది పడ్డంత సప్పుడు గూడ లేదు బిడ్డా!" అన్నాడు. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు కూడా అంత నమ్మకంగా చెప్పరు.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటి అన్న నిద్ర పట్టట్లేదని మళ్లీ వచ్చాడు. నాయనకు రోషం పొడుచుకొచ్చింది. అతని చెయ్యి పట్టుకుని రోడ్డెక్కించి, నన్ను వాయించమని కేకేశాడు. అమ్మ కూడా వాళ్ల వెనకే వెళ్లింది. అక్కడ జరిగింది అమ్మ చాలా ఏళ్లకు గాని నాకు చెప్పలేదు.

"చెప్పు, ఏమన్న ఇనొస్తున్నదా?" అని నాయన అడిగాడట.

"గదేందన్నా, సాఫ్ ఇనొస్తున్నది. ఇగో, ఇప్పుడు సన్నగ పైకి పోయింది."

"ఏది?"

అతను నాయన ముఖం చూశాడు, తర్వాత అమ్మ ముఖం చూశాడు.

"లేదన్నా, నాకే గట్ల అనిపిచ్చింది. ఏం ఇనొస్తలేదు" అని ఇంటికి వెళ్లిపోయాడు.

అమ్మ మళ్లీ ఆ సామెత అనగా నేను వినలేదు. నా సాధనను సాయంత్రానికి, పక్కింటి అన్న నిద్రలేచే వేళకు మార్చింది. పగలు ఉక్కపోస్తోందని నాయనకు చెప్పింది. నేనూ అదే నమ్మాను.

పండక్కి ఇంక వారం ఉందనగా ఒక సాయంత్రం, నాయన గోడవైపు తిరిగి జారిన సంచి సర్దుతున్నాడు. నేను వెనకాల నిలబడి ఆ చరణం అందుకున్నాను. అప్పటికి గిరక అరుపు పోయి, సన్నటి తీగ మీద చక్కగా పలుకుతోంది. సగం దాకా వచ్చాను.

"ఇగ షురూ చెయ్ బిడ్డా, ఇంటున్న" అన్నాడు, నావైపు తిరగకుండానే.

ఇన్నాళ్లూ ఈ మనిషి తనకు వినపడని పాట కోసం ఊక మోశాడు. కమానును లావు తీగ మీదికి దించి, అదే చరణాన్ని కింది స్థాయిలో గట్టిగా పట్టాను. ఆయన చేతులు సంచి మీదే ఆగాయి. తిరిగి చూసి, అక్కడే కూలబడి, చివరిదాకా కదలకుండా విన్నాడు.

క్రిస్మస్ ఆరాధనలో కూడా కింది స్థాయిలోనే వాయించాను. క్వయర్ మాస్టర్ గుడ్లురుముతూనే ఉన్నాడు. నేను మాత్రం రెండో వరసలో తల ఊపుతున్న మా నాయననే చూస్తూ వాయించాను.