ఆ ప్రోగ్రామ్ కోసం కొట్టుకున్నారు

నేను బాపట్లలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నప్పటి మాట. ఒకటి నుంచి వంద వరకు సరిసంఖ్యలు ప్రింట్ చేసే ప్రోగ్రామ్ రాసుకు రమ్మని ల్యాబ్ సార్ హోంవర్క్ ఇచ్చారు. తెనాలి నుంచి వచ్చే కిరణ్‌ది, రేపల్లె నుంచి వచ్చే వాసుది అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. సార్ ఇద్దరికీ సున్నా వేసి బయటికి వెళ్లారు.

"నాది కాపీ కొట్టి నాకే సున్నా తెస్తావురా?" అంటూ కిరణ్ వాసు ముఖం మీద గుద్దాడు. ముక్కులోంచి రక్తం కారి కీబోర్డు మీద పడింది.

"కాపీ కొట్టింది నువ్వురా!" అని వాసు ఇనుప స్టూలు ఎత్తాడు.

"వద్దు వాసూ, చచ్చిపోతాడు!" అని అరుస్తూ నేను అడ్డం వెళ్లాను. స్టూలు నా కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

ఆసుపత్రికి వచ్చిన సార్, "ఇంతా చేసి ఆ ప్రోగ్రామే తప్పమ్మా. ఇప్పుడే రన్ చేసి చూశాను, వంద దాటినా ఆగనే ఆగదు" అన్నారు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్లిద్దరూ మాత్రం ఏడ్చేశారు.

కట్టు విప్పేదాకా నేను చెబుతుంటే నా హోంవర్కు వాళ్లే టైప్ చేశారు. ఇప్పుడు ముగ్గురం మంచి స్నేహితులం. అయినా ఎవరైనా కోపంగా చెయ్యెత్తితే నా కుడిచెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది.

– శ్రావణి, నగరం