నీరెక్కిన నాటి కొర్రమీను

ఎండాకాలం అంటే మరిడమ్మకు నీరెక్కే కాలం. చైత్రం, వైశాఖం వచ్చాయంటే మన దేశంలో చెరువులు నెర్రెలు విచ్చుతాయని అత్త అప్పలమ్మ చెబుతుంటే, మలయాలో పుట్టిన ఆ కోడలికి నమ్మబుద్ధి అయ్యేది కాదు. పేరాక్‌లో వాళ్ళ రబ్బరు తోటను ఆనుకుని ఉన్న ఆనకట్ట నీళ్ళు సరిగ్గా ఆ నెలల్లోనే పొంగేవి. మధ్యాహ్నం దాటితే కొండల మీద ఉరుములు, కుండపోత. తెల్లారేసరికి నీరు గట్టెక్కి గడ్డిలోకీ పొదల్లోకీ నడిచి వచ్చేది. దాని వెనకే కొర్రమీను వచ్చేది, మునిగిన గడ్డిలో గూడు కట్టుకోవడానికి.

ఆమె భర్త తాతబాబు చెట్ల పాలు గీయడంలో అందరిలాంటివాడే. గేలం చేతికొస్తే మాత్రం మాట తగ్గి, ముఖం వెలిగేది. పెళ్ళైన కొత్తలో ఆమెను గట్టుకు తీసుకుపోయి, గేలానికి కప్పను గుచ్చి, వెదురుగడ చేతిలో పెట్టాడు.

"కప్పని ముంచీకు ఒలే. గడ్డి మీద గెంతించు. దానికది బతికున్న కప్పనిపించాల."

"నాను గెంతితే సరిపోదేటి?"

"నువ్వు గెంతితే మొసలొస్తాది."

ఒక కట్టడి కూడా చెప్పాడు. నీటిమీద ఎర్రటి పిల్లల గుంపు పొంగే అన్నంలా కుతకుతలాడుతూ కనబడితే అక్కడ గేలం వేయకూడదు. కింద తల్లి కాపలా ఉంటుంది. దాన్ని తీసేస్తే పిల్లలన్నీ పరాయి నోళ్ళపాలు.

ఆ మంచిరోజులు ఎక్కువకాలం సాగలేదు. అడవిలో దాగిన తిరుగుబాటువాళ్ళకీ ప్రభుత్వానికీ పోరు మొదలైంది. దాన్ని అందరూ దరూరత్, అంటే అత్యవసర పరిస్థితి, అనేవారు. కూలీలుండే ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె లేచింది. ఒకటే గేటు, గేటు దగ్గర సోదా, పొద్దుగూకితే బయట మనిషి కనబడకూడదు. బియ్యం గింజ దాటకూడదు, అడవిలోకి చేరుతుందని.

ఒకనాడు నీరు బాగా ఎక్కి ఉంది. తాతబాబు ఒక్క చేప, ఇంకొక్క చేప అనుకుంటూ వేళ మరిచిపోయాడు. బుట్టనిండా చేపలతో చీకట్లో వస్తుంటే పోలీసులు ఆపి, ఇన్ని చేపలు ఎవరికని అడిగారు. మా అమ్మకన్నాడు. ఒక ముసలమ్మకు ఇన్నా, అడవివాళ్ళకే అన్నారు. అంతే. ఇపో పట్నం అవతల ఉన్న నిర్బంధ కేంపుకు తీసుకుపోయారు.

రెండేళ్ళు అలా గడిచాయి. అప్పుడప్పుడు ఒకసారి చూడనిచ్చేవారు. కంచెకు అటు ఆయన, ఇటు ఈమె. మొన్న వెళ్ళినప్పుడు ఆయన మెల్లగా చెప్పాడు.

"నన్ను ఓడెక్కించీస్తారంట, మరిడీ. ఇండియాకి. మళ్ళీ ఇటు రానీరు."

"నానూ వొస్తాను."

"అమ్మనెవులు సూస్తారు? ఆవిడ ఓడెక్కితే నడిసముద్రంలోనే పోతాది." సిగ్గుపడుతూ అన్నాడు. "ఈలోపు నీరెక్కితే ఒక్క కొర్రమీను పులుసెట్టి తేవే. అదొక్కటీ తినీసి ఎలిపోతాను."

ఇక మరిడమ్మకు వేరే ధ్యాస లేదు. సింహాచలం అప్పన్న పటానికి దండం పెట్టినా అదే కోరిక, చెట్టుకు గాటు పెట్టినా అదే లెక్క. మళ్ళీ చూడనిచ్చేది శనివారం. ఆలోగా నీరెక్కాలి, చేప పడాలి, ఆయన తినాలి.

ఆ బుధవారం ఉదయం ఆనకట్ట వైపు నుంచి వచ్చినవాళ్ళు నీరు గట్టెక్కిందన్నారు. పాలు తూకం వేయించి, ఇంటి చూరులోంచి వెదురుగడ, గేలం దించుకుని గేటు దగ్గరకు పరుగులాంటి నడకతో వచ్చింది. కాపలా ఉన్నది ఆవాంగ్ అనే మలాయ్ కానిస్టేబులు. కొత్తగా వచ్చాడు. అరవం రాదు, తెలుగు అసలే రాదు. మనిషి మెత్తనివాడు. రెండు రోజుల కిందటే ఒక ముసలిదాని నీళ్ళకావిడి తన భుజాన వేసుకుని లైను దాకా మోశాడు.

అతను ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాలి తా బోలే, కక్."

తా బోలే అంటే కూడదని మరిడమ్మకు తెలుసు. కక్ అంటే అక్క. తాలి? చుట్టూ అరవవాళ్ళే కనుక పుస్తెలతాడును వాళ్ళలాగే తాళి అనడం ఆమెకు అలవాటు. చెయ్యి దానంతట అదే మెడ మీదకు పోయింది.

"తాలి," అన్నాడు అతను మళ్ళీ, ఓపిగ్గా. తీసి ఇక్కడ పెట్టమన్నట్టు సైగ చేశాడు.

కేంపు నుంచి కబురొచ్చిందనుకుంది ఆమె. నీకిక తాళి కూడదు అంటున్నాడనుకుంది. గడ చేతిలోంచి జారింది. ఆ ఎర్రమట్టిలోనే కూలబడిపోయింది.

"ఏటయ్యింది బాబూ? మా ఆయనకేటయ్యింది? నాను తియ్యను! నాను తియ్యను!"

పుస్తెలను రెండు గుప్పిళ్ళతో పట్టుకుని ఏడుస్తుంటే ఆవాంగ్‌కు ఏమీ అర్థం కాక తుపాకీ గోడకు ఆనించి చుట్టూ చూశాడు. ఆడవాళ్ళను సోదా చేయడానికి గేటు దగ్గర పెట్టిన నరసమ్మ, తడికెల పాకలోంచి పరుగెత్తుకొచ్చింది. ఆవిడది లైన్లలో మరిడమ్మ పక్కిల్లే.

"ఏటే, ఏటయ్యిందే?"

"తాళి కూడదంటన్నాడు వొదినా! ఆయన పోయినాడు గావాల!"

నరసమ్మ అతన్ని మలాయ్‌లో అడిగింది. విని, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాలో తిట్టాలో తెలియక నిలబడింది.

"ఓసి పిచ్చిమొకమా! ఆళ్ళ బాసలో తాలంటే తాడే! గేలం తాడు! తాళ్ళూ తీగలూ గేటు దాటకూడదంట, అడవోళ్ళకి పనికొస్తాయని. నీ మొగుడు గుండ్రాయిలాగున్నాడు, లెగు!"

మరిడమ్మ లేవలేదు. ఈసారి నవ్వుతూ ఏడ్చింది. నరసమ్మ ఆవాంగ్‌కు తన మెడలో తాడు చూపించి, మొగుడు అని మీసం తిప్పి, కళ్ళు మూసి తల వాల్చి, తాడు తెంపినట్టు చూపించింది. అప్పటికి అర్థమైంది అతనికి. నల్లబడిపోయాడు.

"ఆస్తగా..." అని తన భాషలో నొచ్చుకుంటూ గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. తరువాత వంగి, గేలం తాడును గడ నుంచి విప్పి, చుట్టచుట్టి తన జేబులో వేసుకుని ఏదో అన్నాడు.

"తాడు నాకాడుంటే ఆవిడ దాటించినట్టు కాదు కదా, అంటన్నాడే," అంది నరసమ్మ. "కూడా వొస్తాడంట. డూటీ మారేలోగా రావాలంట. నడు, నడు."

గట్టు దగ్గర అతను తాడు తీసి ఇచ్చి, ఆమెకు వీపు తిప్పి అడవివైపు చూస్తూ నిలబడ్డాడు. మరిడమ్మ కొంగు బిగించి మోకాలిలోతు నీటిలోకి దిగింది. మునిగిన గడ్డి కొనలు మాత్రం పైకి ఉన్నాయి. మొదట కనబడిందే ఎర్రటి పిల్లల గుంపు. తల్లి కిందే ఉంటుంది, తప్పకుండా పడుతుంది. డ్యూటీ మారితే మళ్ళీ ఈ దారి దొరకదు. గడ ఎత్తింది. ఎత్తిన గడ అలాగే దించి, "పో తల్లీ, పిల్లల్ని సూసుకో," అని అవతలి పొద దాకా నడిచింది.

అక్కడ కప్పను పట్టి, గేలానికి గుచ్చి గెంతించింది. గెంతించగా గెంతించగా చెయ్యి లాగేసింది. అప్పుడు గుబుక్కుమని నీరు నోరు తెరిచి మూసింది. గడ విల్లులా వంగింది.

"హరువాన్!" అని కొర్రమీను పేరు తన భాషలో అరిచాడు ఆవాంగ్, కాపలా మరిచిపోయి. బూట్లతోనే నీటిలోకి వచ్చి చేపను గట్టుకు తోశాడు. ముంజేయంత నల్లటి కొర్రమీను.

అది శనివారం దాకా కుండలో బతికే ఉంది. తెల్లవారుజామున చింతపండు పిసికి, పసుపు దండిగా వేసి పులుసు పెట్టింది. గేటు దగ్గర నరసమ్మ మూత తీసి చూసింది.

"అన్నం నేదు కదా?"

"నేదు."

"మరి పులుసుని బియ్యమని ఎవులంటారు? పో."

కేంపు దగ్గర వేలు అనే అరవ కాపలావాడు గిన్నె ఆపేశాడు. ఓడెక్కేవాళ్ళకు బయట తిండి కూడదని కొత్త ఉత్తర్వు. మరిడమ్మ బతిమాలింది. అతనూ బాధపడ్డాడు. "నా చేతిలో లేదమ్మా. గిన్నె ఇక్కడ పెట్టు, ఎవరూ ముట్టుకోకుండా చూస్తాను. పలకరింపులు అయిపోయాయని గంట కొడతారు, నీకు కొట్టినా నేను వినను," అన్నాడు.

ఉత్త చేతులతో వెళ్ళింది. తాతబాబు కంచె దగ్గరకొచ్చి ఆమె చేతులవైపు చూశాడు. ఆమె తీగల సందులోంచి చేతులు లోపలికి పెట్టింది. ఆయన వాటిని రెండింటినీ పట్టుకుని ముఖానికి ఆనించుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు.

"నీరెక్కిందా?"

"గట్టు దాటీసింది."

"పసుపెక్కువేసినావు."

"నీకెలా తెలుసు?"

"తెలీకేటి." కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "ఏ పొద కాడ?"

చెప్పింది. గడ్డి గురించి, ఎర్ర పిల్లల గురించి, బూట్లతో నీటిలోకి దిగిన ఆవాంగ్ గురించి, అన్నీ చెప్పింది. గంట మోగింది. వేలు వినలేదు.

గిన్నె తిరిగి తీసుకుని ఇంటికొస్తే మంచంలోంచి అప్పలమ్మ తల ఎత్తింది.

"కొడుకు తిన్నాడేటే?"

"తిన్నాడత్తా. ముల్లు కూడా నమిలీసినాడు. నీకూ కాస్త ఉంచమన్నాడు."

ముసలావిడ తృప్తిగా తింది. నువ్వు తినవా అంటే, ఆయనతో పాటే తినేశానంది మరిడమ్మ. ఆ వారంలోనే ఓడ కదిలింది.

మెర్దేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చేనాటికి అప్పలమ్మ కాలం చేసింది. అప్పటికి ఆ చుట్టుపక్కల గేటు లేదు, సోదా లేదు. ఊడదీసిన కంచె గుంజలకు నరసమ్మ ఆనపపాదు పాకించింది. తోట లెక్కలు రాసే కిరానీ సుబ్రమణియం అందరికీ మిఠాయి పంచుతుంటే మరిడమ్మ ఒక్క మాటే అడిగింది, పంపించేసినవాళ్ళను కొత్త ప్రభుత్వం రానిస్తుందా అని. ఆయన తలవంచుకుని, తెలియదమ్మా, అడుగుతాను అన్నాడు. ఏటా అడిగాడు కూడా.

ఏటా నీరెక్కుతూనే ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు గట్టుకు పోయి గేలం వేసేది. పడిన చేపను లైన్లలో పురిటాలు ఉన్న ఇంటికి ఇచ్చేది. పులుసు పెట్టమంటే పెట్టి ఇచ్చేది. నోట మాత్రం పెట్టేది కాదు.

"పట్టినదానివి, వొండినదానివి. ఒక ముక్క తింటే ఏటి పోయిందే?" అంది ఒకనాడు నరసమ్మ.

మరిడమ్మ గిన్నె మీద మూత సరిచేసింది.

"ఆయనింకా తినలేదు కదా, వొదినా."