ముందు వాళ్లకు వినిపించాలి

మొన్న ఆదివారం పొద్దున్న మా రేడియో అత్తయ్యగారు పోయారు. చుట్టరికమేమీ లేదు, అమలాపురంలో మా పక్కింటావిడ. కోనసీమ ఊళ్ల కథలు అక్కడి మనుషుల గొంతులతోనే రికార్డు చేసి రేడియోకి ఇచ్చేవారు. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఆవిడకు భయమంటే తెలియదన్నారు. ఆవిడ కార్యక్రమాలకు స్క్రిప్టు రాసిన నేను మాత్రం తలూపలేకపోయాను.

ఆవిడకో పద్ధతుండేది. ప్రసారానికి ముందు మళ్లీ ఆ ఊరెళ్లి, మాట్లాడినవాళ్లను కూర్చోబెట్టి టేపు వినిపించాలి. వాళ్లు వద్దన్న మాట తీసెయ్యాలి. ఆలస్యమవుతోందని నేను విసుక్కుంటే, "నమ్మి ఇచ్చిన మాటలయ్యా. నీ గొంతే అయితే ఇలాగే తొందరపడతావా?" అనేవారు.

తొంభైల చివర్లో అల్లవరం దగ్గర ఒక పేటలో రొయ్యల చెరువుల ఉప్పు బావుల్లోకి దిగింది. చెరువుల ఆసామిని అడగడానికి అందరికీ భయమే. కూలికెళ్లే ఒకామె మాత్రం, అతని మనుషులు ఇంటికొచ్చి ఎలా బెదిరించారో మైకు ముందు చెప్పింది. కొన్నాళ్లకు టేపు వినిపించడానికి వెళ్లాం. అరుగు నిండా జనం. ఆమె మాటలు సగంలో ఉండగా చూద్దును కదా, వెనక ఆసామి గుమస్తా నిలబడి వింటున్నాడు! మా జాగ్రత్తే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

అత్తయ్యగారు టేపు ఆపి, క్యాసెట్టు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఇది మీదండి. మీరు వెయ్యమంటేనే వేస్తాం."

తిరిగి బస్సులో అమలాపురం వచ్చాం. దిగాక అత్తయ్యగారు అన్నారు: "నలుగురిలో వినిపించేను, ఎంత బుద్ధితక్కువ పని! ఆవిణ్ణేమైనా చేస్తే? నాకు భయంగా ఉందయ్యా." అప్పట్నుంచి ఎవరి టేపు వాళ్లకు విడిగానే వినిపించారు.

ఆ వర్షాకాలంలో పేట నుంచి ఆమే క్యాసెట్టు కొంగున కట్టుకుని అత్తయ్యగారింటికి వచ్చింది.

"నీళ్లు నోట్లో పెట్టలేకపోతున్నామండి, పిల్లలు పడకేసేరు. వేసెయ్యండమ్మగారూ."

"బాగా ఆలోచించుకునే చెప్తున్నారా?"

"ఆయ్. కానండీ, ఆ పూట నేను మా ఇంటికాడ ఉండలేను."

అందుకే ప్రసారం నాటి సాయంత్రం ఆమె పిల్లలతో అత్తయ్యగారింట్లోనే ఉంది. నేనూ ఉన్నాను. రేడియోలో ఆమె గొంతు మొదలైన కాసేపటికే వీధిలో మోటారు సైకిలు ఆగింది. గుమస్తా.

"ఆవిణ్ణోసారి బయటికి పంపండమ్మా."

ఆమె పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. నేను రేడియో కట్టెయ్యబోయాను. అత్తయ్యగారు నా చెయ్యి తోసేసి, సౌండు పెంచి, వీధి గుమ్మంలోకి వెళ్లారు.

"ఇంకా అవ్వలేదు బాబూ. మీరూ వినండి."

నాకు ఆవిడ వీపు మాత్రమే కనిపించింది. రెండు చేతులతో తలుపు చట్రాన్ని అటూ ఇటూ పట్టుకుని నిలబడ్డారు. ఒళ్లు వణుకుతోంది, గాజులు చప్పుడవుతూనే ఉన్నాయి. వెనక రేడియోలో ఆమె గొంతు చివరి మాట చెప్పేదాకా ఆవిడ చేతులు దించలేదు.