సరళ గారి మోకాలి నొప్పి

మా జగ్గయ్యపేట ఆఫీసులో సరళ గారు నెలకి మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో జబ్బు రాసి సిక్ లీవ్ పెడతారు. ఇంకా మిగిలిన జబ్బేమిటని ఆ మధ్య అందరి ముందూ అడిగాను.

మోకాలి నొప్పి, లీవ్ కావాలని నిన్న నాకు మెసేజ్ పెట్టిన ఆవిడ ఈ ఉదయం నందిగామ ఆసుపత్రిలో చకచకా నడుస్తూ ఎదురయ్యారు. దొరికారనుకున్నాను.

"మోకాలి నొప్పి తగ్గిందా?" అన్నాను.

ఆవిడ గొంతు పెంచలేదు. "లోపల మావారికి డయాలసిస్ అవుతోందండి. మా మరిది రాని రోజు నేనే ఆయన్ని తీసుకురావాలి. ఆయన జబ్బుకి నాకు లీవ్ ఇచ్చే రూలుంటే చెప్పండి, నిజమే రాస్తా. మీరూ లీవులోనే ఉన్నారుగా సార్, ఏమైంది?"

జ్వరమని రాసి వారమంతా పెనుగంచిప్రోలులో మేనకోడలి పెళ్లిపనుల్లో ఉన్నాను. రేపు డ్యూటీలో చేరడానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఆ ఆసుపత్రికి వెళ్లాను.

"జ్వరమండి," అన్నాను.

రేపు ఆవిడ లీవ్ లెటర్ మీద సంతకం చేయాల్సింది నేనే. ఏ మొహంతో చేయాలో మీరే చెప్పండి.